వీధి డ్రెయిన్ పని మున్సిపల్ కౌన్సిల్ ఎజెండాకు ఎక్కాలంటే

"మన వీధి పని కౌన్సిల్‌లో పాసైందట" అని కౌన్సిలర్ ఇంటి ముందు స్వీట్లు పంచేస్తారు. రెండు వానాకాలాలు గడిచినా వీధిలో నీళ్లు అలాగే నిలుస్తుంటే, పాసైన ఆ తీర్మానంలో డబ్బు ఏ పద్దు నుంచి ఇవ్వాలో రాయలేదని అప్పుడు తెలుస్తుంది. చిన్న మున్సిపాలిటీలో పనులు ఆగేది చాలావరకు కాగితాల దగ్గరే. సమావేశంలో గట్టిగా అరిచిన కౌన్సిలర్ పని కన్నా, అంచనా, పద్దు, సరైన పేరు ఉన్న ఫైలు ముందు కదులుతుంది.

ముందు, ఇది కౌన్సిల్ దాకా వెళ్లాల్సిన పనేనా అని చూసుకోండి. వీధిలైటు వెలగడం లేదు, చెత్తబండి రావడం లేదు, ఉన్న కాలవలో పూడిక పేరుకుంది, కుళాయి పైపు కారుతోంది, ఇలాంటివన్నీ రోజువారీ నిర్వహణ. వీటికి తీర్మానం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2 నుంచి నడుస్తున్న వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ లైట్లు, నీళ్లు, రోడ్లు చూస్తారు. చెత్త, కాలవల సంగతి శానిటేషన్ సెక్రటరీది. లైటు గురించి చెప్పేటప్పుడు స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చెప్పండి. "మా ఇంటి ఎదురుగా" అంటే లైన్‌మన్ వీధంతా తిరిగి వెళ్లిపోతాడు. తెలంగాణలో వార్డు స్థాయిలో తేలకపోతే సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇవ్వచ్చు. కొత్తగా డ్రెయిన్, సీసీ రోడ్డు, కల్వర్టు కట్టాలంటేనే ఫైలు కౌన్సిల్‌కి వెళ్తుంది.

రెండో సంగతి, ఆ వీధి ఎవరిది? చాలా పిటిషన్లు ఇక్కడే చచ్చిపోతాయి. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే రోడ్లను, ఖాళీ స్థలాన్ని యజమాని గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి అప్పగించి ఉండాలి. అనుమతి లేని లేఅవుట్‌లో ఆ కాగితం ఉండదు. దాంతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) "రోడ్డు మనది కాదు" అని ఒక్క ముక్క రాస్తే ఫైలు మూసేస్తారు. మీ వీధి లేఅవుట్ నంబరు, గిఫ్ట్ డీడ్ సంగతి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ముందే అడిగి తెలుసుకోండి. వీధి మొదట్లో తగిలేది ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డో, నేషనల్ హైవేనో అయితే డ్రెయిన్‌ను దానికి కలపడానికి ఆ శాఖ అనుమతి కావాలి. మధ్యలో కరెంటు స్తంభం అడ్డమొస్తే దాన్ని జరపడానికి విద్యుత్ పంపిణీ సంస్థకు డిపాజిట్ కట్టాలి. ఆ ఖర్చు అంచనాలో లేకపోతే సగం కట్టిన డ్రెయిన్ స్తంభం దగ్గర ఆగిపోతుంది.

కొలతలు మీరే తీసుకోండి

ఏఈ వచ్చి కొలుస్తారు, నిజమే. కానీ మీ చేతిలో కొలతలుంటే ఆయన ముందు మాట నిలుస్తుంది. టేపుతో వీధి పొడవు, రెండు మూడు చోట్ల వెడల్పు, నీళ్లు నిలిచే చోట్లు కాగితం మీద గీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు ఎటు పోవాలన్నది.

ఒక లెక్క చూడండి. వీధి పొడవు 120 మీటర్లు. ప్రతి 200 మీటర్లకు 1 మీటరు వాలు ఇస్తే 120 మీటర్లకు 60 సెంటీమీటర్లు దిగాలి. నేల సమతలంగా ఉండి, పై చివర డ్రెయిన్ లోతు 30 సెంటీమీటర్లు అనుకుంటే కింది చివరకు వచ్చేసరికి 90 సెంటీమీటర్లవుతుంది. అక్కడ కలిసే మెయిన్ డ్రెయిన్ అడుగు నేలమట్టానికి 70 సెంటీమీటర్ల లోతులోనే ఉంటే మీ డ్రెయిన్ నీళ్లు దాంట్లోకి పోవు, వాననాడు దాని నీళ్లే మీ వీధిలోకి వస్తాయి. వాలు తగ్గించి 300 మీటర్లకు 1 మీటరు చొప్పున వేస్తే దిగేది 40 సెంటీమీటర్లు, చివర లోతు 70. సరిగ్గా అడుగుకు అడుగు కలుస్తుంది తప్ప చేతిలో మిగిలేదేమీ లేదు. మెయిన్ డ్రెయిన్‌లో పూడిక ఉంటే ఆ లెక్కా తప్పుతుంది. అందుకే ఒక కర్ర పట్టుకెళ్లి, మెయిన్ డ్రెయిన్‌లో పూడిక పైభాగం ఎంత లోతులో ఉంది, అసలు అడుగు ఎంత లోతులో ఉంది అని విడివిడిగా రాసుకోండి. చిన్న ఊళ్లలో కొత్త డ్రెయిన్లు దోమల తొట్లుగా మారడానికి ఎక్కువసార్లు కారణం సిమెంటు తక్కువ వేయడం కాదు, ఈ ఒక్క కొలత తీయకపోవడం.

పిటిషన్

ఒక్క పేజీ చాలు. కమిషనర్ గారి పేరిట రాసి, చైర్‌పర్సన్‌కు, మీ వార్డు కౌన్సిలర్‌కు నకళ్లు ఇవ్వండి. విషయం వాక్యం ఎజెండాలో ఎలా ఉండాలో అలాగే రాస్తే క్లర్కు దాన్నే ఎక్కిస్తాడు.

విషయం: 14వ వార్డు, రామాలయం వీధి నందు రామాలయం నుండి బజారు మెయిన్ డ్రెయిన్ వరకు 120 మీటర్ల పొడవున సి.సి. డ్రెయిన్ నిర్మించుట గురించి.

దాని కింద మూడు నాలుగు వాక్యాలు: ఎన్ని ఇళ్లు, నీళ్లు ఎక్కడ ఎంతసేపు నిలుస్తున్నాయి, మెయిన్ డ్రెయిన్ లోతు ఎంత, రోడ్డు మున్సిపాలిటీదే అనడానికి లేఅవుట్ నంబరు. వాన వచ్చినప్పుడు తీసిన ఫొటోలు రెండు. సంతకాలతోపాటు డోర్ నంబర్లు. ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబర్లు కూడా ఉంటే ఇంకా మంచిది, ఆ ఇళ్లు రికార్డులో ఉన్నాయని రెవెన్యూ వాళ్లు వెంటనే చూసుకుంటారు.

పని పేరులో మనుషుల ఇళ్లు పెట్టకండి. "ఫలానా వారి ఇంటి నుండి ఫలానా వారి ఇంటి వరకు" అని రాయడం మన మున్సిపాలిటీల్లో పాత అలవాటు. ఇల్లు అమ్ముడుపోతే ఆ పేరు ఎవరికీ తెలియదు. పైగా అదే ముక్కకు వేరే ఇళ్ల పేర్లతో ఇంకో అంచనా వేసినా ఎవరూ పట్టుకోలేరు. గుడి, బడి, వాటర్ ట్యాంకు, కూడలి లాంటి కదలని గుర్తులే రాయండి.

తపాలా సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేని పిటిషన్ ఎవరి చేతికిచ్చినా ఇవ్వనట్టే. వారం పోయాక ఇంజనీరింగ్ సెక్షన్‌కి వెళ్లి, ఇన్‌వర్డ్ నంబరు చెప్పి, ఏ ఏఈకి మార్క్ అయిందో అడగండి.

అంచనా, పద్దు

ఏఈ చూసి వెళ్లాక ఆ ఏడాది ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వం ప్రకటించే పనుల ధరల పట్టిక) రేట్లతో అంచనా వేస్తారు. రేట్లు మారాక పాత అంచనాతో టెండరు పిలిస్తే కాంట్రాక్టర్లు ముందుకు రారు. కాబట్టి అంచనా ఏ ఏడాది రేట్లతో ఉందో ఒకసారి చూడండి.

ఇక పద్దు. మున్సిపాలిటీ సొంత ఆదాయం సాధారణ నిధి. అందులోంచి జీతాలు, కరెంటు బిల్లులు పోగా చిన్న ఊళ్లలో మిగిలేది తక్కువ. మిగతాది గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల జనాభా దాటని పట్టణాలకు ఇచ్చిన నిధుల్లో 40 శాతం అన్‌టైడ్ (ఫలానా పనికే అనే షరతు లేనివి), 60 శాతం టైడ్ (షరతు ఉన్నవి). టైడ్ వాటా తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకే వాడాలన్నది ఆ షరతు, దాంట్లోంచి సీసీ రోడ్డు వచ్చేది కాదు. రోడ్డు, డ్రెయిన్ కలిపి ఒకే పనిగా అడిగితే పద్దు దొరకడం కష్టమయ్యేది ఇలాంటి షరతుల వల్లే. ముందు డ్రెయిన్ అడగండి. ఎలాగూ డ్రెయిన్ లేకుండా రోడ్డు వేస్తే తర్వాత డ్రెయిన్ కోసం ఆ రోడ్డు అంచు పగలగొట్టాల్సిందే. తెలంగాణలో బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలి, అది మొక్కలకే. అందులోంచి ఇమ్మని అడిగి లాభం లేదు.

పిటిషన్ పెట్టడానికి అనువైన కాలం అక్టోబర్, నవంబర్. బడ్జెట్ తయారయ్యేది ఆ తర్వాతే. ఏప్రిల్‌లో పెడితే ఆ ఏడాది పద్దులు అప్పటికే పంచేసి ఉంటారు. ఎన్నికల కోడ్ వస్తే కొత్త పనులు, టెండర్లు ఆగుతాయి. అప్పటికే మొదలైనవి మాత్రం నడుస్తాయి.

ఎజెండా

సాధారణ సమావేశం నెలకోసారి. సమావేశానికి కనీసం మూడు పూర్తి రోజుల ముందు ఎజెండా కౌన్సిలర్లకు అందాలి. నోటీసిచ్చిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. ఎజెండా కాపీ వచ్చిన రోజే కౌన్సిలర్ దగ్గర మీ అంశం చదవండి. అంశం చివరి వాక్యమే కీలకం. "రూ. 4.80 లక్షల అంచనాతో, ఫలానా నిధి నుండి చేపట్టుటకు కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం" అని ఉంటే బాగున్నట్టు. "నిధుల లభ్యతను బట్టి చేపట్టుటకు" అని ఉంటే ఆ పని వరసలో ఎక్కడో అడుగున ఉన్నట్టు. సమావేశానికి ముందే నిధి పేరు చేర్పించమని కౌన్సిలర్ ద్వారా కమిషనర్‌ను అడగండి. తీర్మానం అయ్యాక మార్చడం చాలా కష్టం.

సమావేశం రోజే బల్ల మీద పెట్టే అంశాలను టేబుల్ ఎజెండా అంటారు. అత్యవసరానికి ఉద్దేశించినది, కానీ చదివే సమయం ఇవ్వకుండా దాటించడానికీ పనికొస్తుంది. అందుకే ఎక్కువ గొడవలు దాని మీదే. మీ పనిని టేబుల్ ఎజెండాలో పెట్టిస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. గొడవ వస్తే ఆ అంశాలు వాయిదా పడే ప్రమాదం ఉంటుంది.

కౌన్సిల్ సమావేశానికి జనం వెళ్లి కూర్చోవచ్చు, మాట్లాడే హక్కు మాత్రం ఉండదు. క్లర్కు అంశం నంబరు చదువుతాడు, "పాస్, పాస్" అనే కేకల్లో పది అంశాలు పది నిమిషాల్లో అయిపోతాయి. నంబరు గుర్తుపెట్టుకుని ఏం రాశారో వినండి. "ఆమోదించడమైనది" అంటే సరే. "వాయిదా వేయడమైనది" అంటే మళ్లీ రావాలి. "రికార్డు చేయడమైనది" అంటే విన్నాం, వదిలేశాం. కౌన్సిలర్‌కు అభ్యంతరం ఉంటే నోటితో చెబితే చాలదు, డిసెంట్ (అసమ్మతి) రాతపూర్వకంగా ఇచ్చి మినిట్స్‌లో (సమావేశం రికార్డులో) ఎక్కించుకోవాలి. జీరో అవర్‌లో (ఎజెండాలో లేని సంగతులు మాట్లాడే సమయం) లేవనెత్తిన సమస్య పేపర్లో వస్తుంది కానీ దానికి తీర్మానం నంబరు ఉండదు.

పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి ఉన్న ఊళ్లో ఈ హడావిడి ఉండదు. కౌన్సిల్ అధికారాలు ఆయనవే. ఫైలు నేరుగా ఆయన సంతకానికి వెళ్తుంది, పద్దు పట్టింపు మాత్రం అదే.

తీర్మానం తర్వాత

తీర్మానం నంబరు, తేదీ రాసుకోండి. దాంతో వచ్చేది పరిపాలనా అనుమతి మాత్రమే. తర్వాత ఇంజనీర్ల సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, పని. ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపల్ ఆఫీసుకు ఫీజు రూ. 10, నకళ్లకు పేజీకి రూ. 2, జవాబు గడువు 30 రోజులు. "నా పని ఏమైంది" అని అడగకండి, అది ప్రశ్న అని తిప్పి పంపుతారు. తీర్మానం నకలు, అంచనా నకలు, టెండరు నోటీసు, అగ్రిమెంటు నకలు కావాలని కాగితాల పేర్లు రాయండి.

అంచనా కన్నా బాగా తక్కువకు కోట్ చేసిన కాంట్రాక్టరుకు పని వస్తే జాగ్రత్తగా చూడండి, తగ్గించిన డబ్బు మందంలోంచో క్యూరింగ్‌లోంచో పూడ్చుకునే ప్రమాదం ఉంది. కాంక్రీటు పోసే రోజు అంచనా నకలు చేతిలో ఉంచుకుని గోడ మందం, అడుగు మందం టేపుతో చూడండి. అడుగు పోయకముందు మట్టి మీద నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూస్తే వాలు తెలిసిపోతుంది. తేడా ఉంటే ఆ రోజే ఏఈకి ఫోన్ చేసి, మర్నాడు రాసివ్వండి. పోసేశాక ఇచ్చే ఫిర్యాదుకు విలువ తక్కువ. పోసిన కాంక్రీటును వారం పైన తడపాలి (దీన్నే క్యూరింగ్ అంటారు), ఎండాకాలమైతే పది రోజులకు తగ్గకూడదు.

కొలతలు ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకం) ఎక్కాక, పై ఇంజనీరు చెక్ మెజర్‌మెంట్ (మళ్లీ కొలిచి సరిచూడడం) అయ్యాక బిల్లు పడుతుంది. కాంట్రాక్టరు డిపాజిట్‌లో కొంత డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు వస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ముగిసేదాకా మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. ఆ గడువు ఎంతో అగ్రిమెంటు నకలులో ఉంటుంది. పని పూర్తయిన తేదీ నుంచి లెక్కేసి, గడువుకు రెండు నెలల ముందు డ్రెయిన్ అంతా నడిచి చూడండి. పగుళ్లు, విరిగిన పలకలు, నీళ్లు నిలిచే చోట్లు ఫొటోలతో కమిషనర్‌కు రాసిచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. డిపాజిట్ వెనక్కి ఇచ్చేశాక అదే మరమ్మతుకు మళ్లీ అంచనా వేయాలి, మళ్లీ కౌన్సిల్‌కి వెళ్లాలి.