స్పీకర్లు పోల్చేముందు వాల్యూమ్ సమం చేసుకోండి

షాపులో రెండు జతల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు వినిపిస్తే ఒకటి "అదిరింది" అనిపిస్తుంది. తీరా ఇంటికి తెచ్చాక అంత లేదు. చాలాసార్లు ఆ జత కాస్త గట్టిగా మోగి ఉంటుంది, అంతే. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువున్నా చెవికి అదే బాగున్నట్టు ఉంటుంది.

ఫోన్‌లో ఉచిత సౌండ్ మీటర్ యాప్ ఒకటి వేసుకోండి. పక్కవాళ్ల ఫోన్ నుంచి ఆ స్పీకర్లలో పింక్ నాయిస్ (ఒకే తీరుగా మోగే పరీక్ష శబ్దం) ప్లే చేయించండి. జోరువాన హోరులా ఉంటుంది, షాపువాళ్లు వింతగా చూస్తారు, పర్లేదు. మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో ఫోన్ పట్టుకుని, మొదటి జతను 70 డెసిబెల్స్‌కి తెచ్చి వాల్యూమ్ ఎంతలో ఉందో రాసుకోండి. రెండో జతకూ అంతే. పాటతో కొలవొద్దు, అంకె గెంతుతూనే ఉంటుంది.

ఆ తర్వాత మీరు వందసార్లు విన్న పాటలో ఒకే 30 సెకన్ల ముక్క మార్చి మార్చి వినండి. నేనైతే వార్తలు చదివే మగగొంతు కూడా పెడతాను. డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తే ఆ జత నాకొద్దు.

ఒక జత గోడకు ఆనించి, ఇంకోటి ముందుకు జరిపి ఉంటే మాత్రం ఇదంతా వృథా. గోడ దగ్గర బేస్ పెరుగుతుంది. మొహమాటపడకుండా రెండింటినీ ఒకే చోట పెట్టించి వినండి.