ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంటే
బెజవాడ మే ఎండల్లో ఫ్యాన్‌ను ఐదులో పెట్టినా రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతుంటే, వెంటనే కొత్తది కొనేయకండి. ముందు పక్క గదిలో ఫ్యాన్ చూడండి. అన్నీ అలాగే తిరుగుతుంటే అది లో వోల్టేజీ, ఫ్యాన్ తప్పేం లేదు. ఒక్కటే అయితే స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పి వదలండి. బిగుసుకుపోయి గరగరమంటే బేరింగ్, అది మెకానిక్ పని. సులువుగా తిరిగితే చాలాసార్లు కెపాసిటరే, అంటే మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బీ లాంటి భాగమే, పోయి ఉంటుంది.

మోటారు పైన రాడ్డుకి ఉండే గిన్నె లాంటి మూత లేపితే అది కనిపిస్తుంది. కానీ మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ దించాకే నిచ్చెన ఎక్కండి. స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ ఒక్కోసారి ఫేజ్ వైరుకి బదులు న్యూట్రల్‌కి కలిపి ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాన్ వైర్లలో కరెంటు ఉంటుంది. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండొచ్చు, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ ఒకసారి కలపండి. వైర్లు విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి.

పాతది పట్టుకెళ్లి గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రికల్ షాపులో చూపించినా సరిపోయేది ఇస్తారు. దాని మీద ఎక్కువగా 2.5 మైక్రోఫారాడ్ అని ఉంటుంది, ఎంత ఉంటే అంతదే తీసుకోండి. స్పీడు పెరుగుతుందని కొందరు పెద్దది వేయించుకుంటారు. నా దృష్టిలో అది దండగ, మోటారు వేడెక్కి వైండింగ్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు మాత్రం ఇది పనికిరాదు, వాటి లోపల వ్యవహారం వేరు.