అమెరికా గూడ్స్ వ్యాగన్ ఏ కాలందో కింద ట్రక్ చూసి చెప్పడం ఎలా

పాత అమెరికన్ గూడ్స్ బండి ఫోటో దొరికితే అందరూ ముందు పెట్టె మీద పేరు, రంగు చూస్తారు, నేనైతే నేరుగా కిందకే చూస్తా. రెండు ఇరుసులు, స్ప్రింగులు, పక్క ఫ్రేములు కలిసిన సెట్‌ని అక్కడ ట్రక్ అంటారు, పెట్టెకి ముందొకటి వెనకొకటి ఉంటుంది. అందులో ఇరుసు చివర ఎలా ఉందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

అక్కడ మూత ఉన్న డబ్బా కనిపిస్తే అది ప్లెయిన్ బేరింగ్. లోపల ఇరుసు మీద ఇత్తడి ముక్క కూర్చుంటుంది, ఇరుసు కింద నూనెలో నానిన నూలు పీచు కుక్కేవాళ్ళు, ఆ పీచు పక్కకి జరిగినా నూనె అయిపోయినా బేరింగ్ వేడెక్కి పొగ వచ్చేది, ఒక్కోసారి ఇరుసే విరిగి బండి పట్టాలు తప్పేది. రైలు చివర ఉండే సిబ్బంది పెట్టె, అంటే కబూస్‌లో ఎత్తుగా కూర్చుని రైలు పొడవునా చూస్తూ వెళ్ళింది చాలావరకు ఈ హాట్‌బాక్స్ (వేడెక్కిన బేరింగ్ డబ్బా) పొగ కోసమే.

డబ్బా ఉంటే, అది ఫ్రేముకి ఎలా పట్టి ఉందో చూడండి. బద్దీల్లాంటి ఇనప పట్టీలు, పైది మధ్యలో పైకి వంగి, ఇంకోటి కిందకి వంగి, అడుగున సన్నగా ఇంకో పట్టీ, వీటన్నిటినీ గుచ్చుతూ నిలువు బోల్టులు కనిపిస్తే ఆర్చ్‌బార్, 19వ శతాబ్దం చివరి నుంచి బాగా నడిచిన రకం. బోల్టులు వదులయ్యేవి, వంపుల దగ్గర పట్టీలు పగిలేవి, అందుకే 1940ల మొదట్లోకల్లా ఒక కంపెనీ లైన్ నుంచి ఇంకో కంపెనీ లైన్‌కి వెళ్ళే బండ్లలో వీటిని పూర్తిగా ఆపేశారు.

ఫ్రేము పోత స్టీలు అయ్యుండి డబ్బా మాత్రం విడిగా బోల్టులతో బిగిస్తే ఆండ్రూస్, మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో ప్రభుత్వం కట్టించిన బాక్స్ కార్ల (నాలుగు వైపులా మూసి ఉండే వ్యాగన్ల) కింద ఇవే ఉంటాయి. డబ్బా, ఫ్రేము ఒకే పోత అయితే బెటెన్‌డార్ఫ్ తరహా. అయోవాలో బెటెన్‌డార్ఫ్ అనే ఊరికి పేరొచ్చింది ఆ కంపెనీ వాళ్ళవల్లే. 1940ల్లో ఏఎస్ఎఫ్ ఏ-3, బార్బర్ ఎస్-2 అనే ట్రక్‌లు వచ్చాయి, స్ప్రింగుల పక్కన రాపిడి వెడ్జ్‌లు పెట్టి ఊగుడు తగ్గించారు, కానీ బయట నుంచి బెటెన్‌డార్ఫ్‌కీ వీటికీ తేడా పట్టడం కొంచెం కష్టమే, స్ప్రింగుల చుట్టూ ఫ్రేము ఆకారం జూమ్ చేసి పోల్చుకోవాలి.

డబ్బా లేకుండా మూడు బోల్టుల గుండ్రటి బిళ్ళ, అదీ చక్రంతో పాటే తిరుగుతుంటే రోలర్ బేరింగ్. 1950ల్లో మెల్లగా మొదలై 1960ల చివరికి కొత్త వ్యాగన్లకి ఇదే మామూలైపోయింది, 1990ల మధ్యలోకి ప్లెయిన్ బేరింగ్ మెయిన్ లైన్ల మీద దాదాపు మాయం. చక్రం సైజు కూడా చూడండి, 50, 70 టన్నుల సరుకు మోసే బండికి 33 అంగుళాలు, 100 టన్నులకి 36.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ట్రక్‌లు మార్చేవాళ్ళు. పాత పెట్టె కింద కొత్త రోలర్ ట్రక్ ఉండొచ్చు, పాత ఫ్రేమునే రోలర్‌కి మార్చినవీ ఉంటాయి. ఆర్చ్‌బార్ కనిపించింది కదా అని ఫోటో 1940కి ముందుదే అనేయకండి, నిషేధం వేరే లైన్‌కి వెళ్ళే బండ్లకే, కొలరాడో నేరోగేజ్ మీద ఆ తర్వాత కూడా అవి తిరిగాయి. కాబట్టి పెట్టె మీద రాసిన తయారీ తేదీ కూడా కలిపి చూడాలి.

హెచ్‌ఓ (అసలులో 87వ వంతు సైజు) బొమ్మ రైలు మోడల్ కట్టేవాళ్ళయితే ముందు మీ లేఅవుట్ సంవత్సరం ఫిక్స్ చేసుకుని ఆ తర్వాతే ట్రక్ కొనండి. 33 అంగుళాల చక్రం 9.6 మిల్లీమీటర్లు, 36ది 10.5, ఈ తేడా కంటికి తెలుస్తుంది. 1955 సీన్‌లో 100 టన్నుల రోలర్ ట్రక్ పెడితే పెట్టె ఎంత బాగా కట్టినా తెలిసినవాళ్ళు ముందు అదే పట్టుకుంటారు.

రోలర్ రకం దగ్గర్నుంచి చూడాలంటే అమెరికా వెళ్ళక్కర్లేదు, కాజీపేటలోనో విజయవాడలోనో బొగ్గు రేక్ ఆగినప్పుడు బాక్స్‌ఎన్ వ్యాగన్ కింద క్యాస్నబ్ బోగీ (మన రైల్వేలో ట్రక్‌నే బోగీ అంటారు) చూడండి, రెండు పోత ఫ్రేములు, మధ్యలో అడ్డంగా బోల్‌స్టర్ అనే దూలం, గుత్తుల్లా స్ప్రింగులు, అమెరికా వాళ్ళ మూడు ముక్కల పద్ధతే.