పోటీలో ఎవరు ధర తగ్గిస్తే ఏమవుతుంది? ఏఐతో ఆడించి చూడండి

దుకాణాల మధ్య ధరల పోటీ గురించి ఏఐని అడిగితే నాలుగు పేరాలు చక్కగా రాసిస్తుంది, చదవడానికి బాగానే ఉంటుంది, కానీ అందులో ఎంత నిజమో తేల్చుకునే దారి ఉండదు. అందుకే సలహా అడక్కండి, ఒక చిన్న సిమ్యులేషన్‌కి, అంటే కంప్యూటర్‌లో ఆడించే ఉత్తుత్తి బజారుకి, కోడ్ రాసిమ్మనండి. అందులో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒక్కొక్కరూ ఒక ఏజెంట్. ఏజెంట్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, ఒకటి రెండు నియమాలు తెలిసిన బొమ్మ, అంతే.

మొదటి మోడల్ ఎంత చిన్నదైతే అంత మంచిది. వంద అడుగుల వీధి, ఈ చివర ఒక దుకాణం, ఆ చివర ఇంకొకటి, అడుగుకొకరు చొప్పున కొనేవాళ్లు. ఒక్కో సరుకుకి దుకాణదారుకి పడే ఖర్చు 20. ధరకి, నడిచే ప్రతి అడుగుకీ 0.1 కలిపితే ఎక్కడ తక్కువ పడుతుందో అక్కడే కొంటారు. దుకాణదారు అవతలివాడి ధర చూసి, తనకి ఎక్కువ లాభం మిగిలే ధర పెడతాడు. ఇదే మాట చాట్‌బాట్‌కి చెప్పి పైథాన్‌లో రాయించుకోవచ్చు, పైథాన్ అంటే భయమైతే ఇలాంటి ఏజెంట్ల సిమ్యులేషన్ల కోసమే చేసిన నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

ఇద్దరూ 40 దగ్గర మొదలుపెట్టారనుకోండి. చెరో 50 మంది, చెరో 1000 లాభం. ఒకడు 35కి దిగితే 75 మంది అతని దగ్గరికే వస్తారు, లాభం 1125 అవుతుంది. రెండోవాడు ఊరుకుంటాడా? 32.5కి దిగుతాడు. అలా దిగుతూ దిగుతూ 30 దగ్గర ఆగుతారు, మళ్లీ చెరో 50 మందే, లాభం మాత్రం 500. ఎవరి లెక్కా తప్పలేదు, అయినా ఇద్దరికీ సగం పోయింది.

ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లో వేసిన వీధి లెక్క ఇది. కాగితం మీద కూడా 30 వస్తుంది: ఖర్చు 20, వీధంతా నడిచే భారం 10. మీ కోడ్ 30కి దగ్గర్లో ఆగకపోతే తప్పు కోడ్‌లోనే ఉంది, సరిచేసేదాకా ముందుకి వెళ్లొద్దు.

నేనైతే మొదటిసారి రెండో దుకాణమే ఎక్కువ సంపాదిస్తోందని, ఏదో రహస్యం దొరికిందని తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే ప్రతి రౌండ్‌లోనూ చివర్లో ధర మార్చేది అదే! ఎవరు ముందు కదలాలో చీటీ వేసినట్టు మార్చమని కోడ్‌లో తప్పకుండా చెప్పండి.

తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి: మూడో దుకాణం, లేదా ధరలు పట్టించుకోని కొందరు కొనేవాళ్లు. యాదృచ్ఛికత ఉన్న మోడల్‌ని ఒక్కసారి నడిపి నమ్మొద్దు, వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక అంకెలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్యలతో) కనీసం 30 సార్లు నడపండి.

అసలు మజా నేర్చుకునే ఏజెంట్లతో. గత రౌండ్ ధరలు గుర్తుంచుకునే క్యూ-లెర్నింగ్ ఏజెంట్లు (ఏ ధరకి ఎంత లాభం వచ్చిందో చూసుకుంటూ, ప్రయత్నిస్తూ నేర్చుకునేవి), ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ధరలు పైన నిలబెట్టడం నేర్చుకోగలవని, ఎవరైనా తగ్గిస్తే కొన్నాళ్లు తామూ తగ్గించి మళ్లీ పైకి వస్తాయని 2020లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. మీరూ రెండిటిని చాలాసేపు నేర్చుకోనిచ్చి, ఒకదాని ధర బలవంతంగా తగ్గించండి, రెండోది తర్వాతి పది రౌండ్లలో ఏం చేస్తుందో గ్రాఫ్ గీయించండి.

కొనేవాళ్లుగా చాట్‌బాట్‌నే పెడదామనిపిస్తుంది. పెట్టొచ్చు గానీ, అది మరీ బుద్ధిమంతుడిలా కొంటుంది. నిజం మనుషులు ఏం కొన్నారో కాస్తైనా డేటా చేతిలో ఉంటేనే ఆ పని పెట్టుకోండి.