దూరపు పక్షి ఫొటోలో అంచులు కరిగినట్లు వస్తే: సమస్య - పరిష్కారం

లక్షణం

పులికాట్ సరస్సులో ఫ్లెమింగోల గుంపును 600 మి.మీ. లెన్సుతో తీసి, ఇంటికి వచ్చి కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూస్తే, ఫోకస్ సరిగ్గా పక్షి మీదనే ఉన్నా దాని పొడవాటి కాళ్లు చిన్న చిన్న వంకరలు తిరిగి ఉంటాయి. ఈకలు విడివిడిగా కనిపించవలసిన చోట తెల్లని ముద్ద మాత్రమే ఉంటుంది. ఇస్కపల్లి ఉప్పుమళ్లలో పని చేస్తున్న వారిని గట్టు మీద నుంచి తీసినా, మధ్యాహ్నం జాతీయ రహదారి పక్కన నిలబడి దూరంగా వస్తున్న ఎడ్లబండిని తీసినా ఇదే తీరు. ఇలాంటి ఫొటో చూపించి లెన్సు పాడైందా అని అడిగే వారిని నేను ముందుగా ఆ ఫొటో వెనుక కథ చెప్పమంటాను: ఏ నెలలో, ఏ వేళలో, ఎంత దూరం నుంచి తీశారు, పక్షికీ మీకూ మధ్య నీరుందా, బురద ఉందా, తారు రోడ్డు ఉందా, కారు దిగి తీశారా, కారులో కూర్చునే తీశారా. ఈ వివరాలు చెప్పడం పూర్తయ్యేసరికి కారణం దాదాపుగా బయటపడుతుంది. అయినా ఎక్కువ మంది ఇవేవీ గుర్తు చేసుకోకుండానే లెన్సును సర్వీసుకు పంపించి, డబ్బు చెల్లించి, మళ్లీ అదే ఫొటోతో తిరిగి వస్తున్నారు.

ముందు ఇవి చూడండి

మీరు చూస్తున్నది అసలు ఫైలేనా? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, అందులోని షట్టర్ వేగం, సమయం వంటి వివరాలు కూడా చెరిగిపోతాయి. కాబట్టి ఎవరికైనా చూపించదలిస్తే డాక్యుమెంటుగా పంపండి. తరువాత షట్టర్ వేగం చూడండి. ఎగిరే పక్షికి సెకనులో 1/1600 వంతు కన్నా తక్కువ వేగం పెట్టి, రెక్కలు చెదిరాయని లెన్సును తప్పు పట్టడం న్యాయం కాదు. మైపాడు, కొత్తపట్నం వంటి తీరాలలో గంటసేపు తిరిగితే చాలు, లెన్సు ముందు అద్దం మీద ఉప్పు తుంపర పలుచగా పేరుకుంటుంది, దానిని తుడిచారో లేదో చూసుకోండి. చౌక ఫిల్టరు బిగించి ఉంటే తీసివేసి మరొక ఫొటో తీయండి. ఈ నాలుగూ చూడడానికి ఐదు నిమిషాలు చాలు, ఇవి చూడకుండా తక్కినదంతా చదవడం వృథా.

అసలు కారణం: మధ్యలో ఉన్న గాలి

వేడి గాలి పలుచన, చల్లని గాలి చిక్కన. కాంతి ఒకదానిలో నుంచి మరొకదానిలోకి వెళ్లినప్పుడల్లా కొద్దిగా వంగుతుంది. ఎండకు కాగిన బురద నేల మీదుగా వేడి గాలి పొరలు పొరలుగా లేచి పై గాలితో కలుస్తున్నప్పుడు, పక్షి నుంచి బయలుదేరిన కాంతి లెన్సును చేరేలోపు లెక్కలేనన్ని సార్లు అటూ ఇటూ వంగుతుంది. ఫొటోగ్రాఫర్లు హీట్ హేజ్ అనేది దీనినే. లెన్సు ఎంత పెద్దదైతే ఈ వంకరలను అంత పెద్దవిగా చూపిస్తుంది. అందుకే చిన్న లెన్సుతో బాగానే ఉన్నవారు, ఖర్చు పెట్టి పెద్ద లెన్సు కొన్న తరువాతే ఈ ఫిర్యాదు మొదలుపెడతారు.

దీనిని గుర్తించకపోవడానికి ఒక బలమైన కారణం ఉంది. హీట్ హేజ్ అంటే మే నెల ఎండ అని అందరూ అనుకుంటారు, కానీ మన ప్రాంతంలో పక్షుల కోసం జనం కదిలేది డిసెంబరు, జనవరి నెలలలో. ఆ రోజులలో స్వెట్టరు వేసుకొని నిలబడిన మనిషికి గాలి వేడి అన్న ఆలోచనే రాదు. నిజానికి కావలసింది వేడి కాదు, వేడిలో తేడా. నిర్మలమైన శీతకాలపు రాత్రి గాలి త్వరగా చల్లబడుతుంది, లోతు తక్కువైనా పులికాట్ నీరు అంత త్వరగా చల్లబడదు. తెల్లవారేసరికి నీటిని తాకి ఉన్న గాలి కొంచెం వెచ్చగా, దాని పై గాలి చల్లగా ఉంటాయి. ఎండ ఎక్కిన కొద్దీ ఒడ్డున ఉన్న బురద నేల, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు కాగడం మొదలవుతుంది. ఫ్లెమింగోలేమో దూరాన, లోతు లేని నీటిలో మేస్తుంటాయి. మన చూపు ఆ దూరమంతా నీటిని, బురదను ఒరుసుకుంటూ వెళ్లవలసిందే.

అదే రోజు, అదే కెమెరాతో నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసిన గూడబాతు (పెలికాన్) ఫొటో చక్కగా వచ్చిందంటే ఆశ్చర్యపోనవసరం లేదు. 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన ఆ చెరువులో గూళ్లు చెట్ల మీద ఉంటాయి, దూరం తక్కువ, చూసేది కట్ట మీద నుంచి లేదా వాచ్ టవర్ మీద నుంచి. చూపు నేలను ఒరుసుకోదు. ఈ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే లెన్సు నిర్దోషి అని తేలిపోతుంది.

ఇంకా దొంగచాటు రూపం ఒకటి ఉంది, అది కారు. ఏసీ వేసుకొని వెళ్లి, పక్షి కనిపించగానే అద్దం దించి, లెన్సు బయటకు పెట్టి తీస్తారు. లోపలి చల్లని గాలి, బయటి వెచ్చని గాలి సరిగ్గా లెన్సు ముందే కలుస్తుంటాయి. అప్పుడు ఇరవై మీటర్ల దూరంలో తీగ మీద కూర్చున్న లకుముకి పిట్ట కూడా స్పష్టంగా రాదు. దూరపువి మాత్రమే చెడితే నేల మీది గాలి కారణం, దగ్గరవి కూడా చెడితే కారును అనుమానించండి. బానెట్ మీదుగా తీయడమూ ఇంతే. ఇంజను ఆపిన తరువాత కూడా చాలాసేపు దాని మీద నుంచి వేడి లేస్తూనే ఉంటుంది.

నిర్ధారించుకోవడం

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద, పక్షి అంచును గరిష్ఠంగా పెద్దది చేసి, కొన్ని క్షణాలు కదలకుండా చూడండి. అంచు అలలాగా కదులుతుంటే వేరే పరీక్ష అవసరం లేదు. వరుసగా పది ఫొటోలు తీసి పోల్చినా తెలుస్తుంది: ఫోకస్ తప్పితే పదీ ఒకే తీరుగా మసకగా ఉంటాయి, గాలి కారణమైతే ఒక్కొక్క దానిలో కాళ్లు ఒక్కొక్క వంకర తిరిగి ఉంటాయి.

పరిష్కారం

సెట్టింగులలో దీనికి మందు లేదు. షట్టర్ వేగం పెంచితే వంకరలు గడ్డకట్టినట్లు వస్తాయి, తగ్గిస్తే కలగలిసి మసకగా వస్తాయి. షార్ప్‌నెస్ పెంచితే వంకరలే పదునెక్కుతాయి. కృత్రిమ మేధతో ఫొటోలను పదునుపెట్టే యాప్‌లు లేని ఈకలను ఊహించి గీస్తాయి. ఆ పక్షిని నిజంగా చూసి వచ్చినవారు ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

చేయగలిగినది దూరం తగ్గించడం, వేళ మార్చడం, చూపు ఎత్తు పెంచడం. ఉదయం వెలుతురు రాగానే మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనేలోపు దూరపు ఫొటోలు ముగించండి. ఆకాశం మబ్బు పట్టిన రోజు దొరికితే వదులుకోకండి, ఆ రోజు నేల అంతగా కాగదు. దూరం తగ్గించడమంటే పక్షుల మీదికి నడిచి వెళ్లడం కాదు. గుంపును లేపి తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా మేత మేస్తున్న పక్షులకు అది నష్టమే. అవి దగ్గరకు వచ్చే చోటును ముందే చూసుకొని, అక్కడ కదలకుండా కూర్చోండి. కారులోంచి తీయక తప్పకపోతే పది నిమిషాల ముందే ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, ఇంజను కూడా ఆపండి. ఎండ ఎక్కిపోయాక కూడా అక్కడే ఉన్నట్లయితే పెద్ద లెన్సు పక్కన పెట్టి, సరస్సు, ఆకాశం, గుంపు అంతా వచ్చేలా వెడల్పుగా తీయండి. ఉప్పుమళ్లలోనైతే మనిషి దగ్గరకు వెళ్లి, అడిగి, 50 మి.మీ.తో తీయండి. పలుగు, పార పట్టుకున్న చేతులు కూడా కనిపించే ఆ ఫొటో పెద్ద లెన్సుతో దూరం నుంచి తీసిన ఫొటో కన్నా ఎక్కువ చెబుతుంది.

దూరంగా ఉన్న ఉదయగిరి కొండ తెల్లబారి కనిపించడం వేరే సమస్య. అది దుమ్ము, తేమ వల్ల రంగు పలచబడడం, ఎడిటింగులో చాలావరకు సరిచేయవచ్చు.

అరుదైనవి

లెన్సులో ఫంగస్ (బూజు), లోపలి అద్దం పక్కకు జరగడం, పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలలో ఫోకస్ ముందుకో వెనక్కో పడడం ఉన్నమాట నిజమే కానీ చాలా తక్కువ. ఉదయపు నీడలో, ట్రైపాడ్ మీద, పదిహేను మీటర్ల దూరంలో అచ్చు అక్షరాలున్న ఏదైనా డబ్బాను పెట్టి తీయండి. అక్షరాలు అప్పుడు కూడా అలుక్కుపోయినట్లు వస్తేనే సర్వీసుకు ఇవ్వండి, ఆ ఫొటో అసలు ఫైలును కూడా లెన్సుతో పాటు అందజేయండి.