కొత్త ఇంట్లో వైఫై ఆగిపోతుంటే ముందు ఇవి చూడండి

కొత్త దేశంలో దిగిన మొదటి నెలలో బ్యాంకు పని, ఇంటర్వ్యూ, ఇంటికి వీడియో కాల్, అన్నీ వైఫై మీదే నడుస్తాయి. అమ్మతో మాట్లాడుతుండగా బొమ్మ నిలిచిపోయి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. అయినా వెంటనే కొత్త రౌటర్ కొనేయకండి, ఖరీదైన ప్లాన్‌కీ మారకండి. చాలా ఇళ్లలో తప్పు రౌటర్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి: పోతున్నది వైఫైయా, బయటి నుంచి వచ్చే లైనా? లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి ఓ అరగంట వాడి చూడండి. కేబుల్ మీద కూడా ఆగిపోతుంటే లోపం చాలావరకు లైన్‌లోనో, ఆ లైన్‌ని రౌటర్‌కి అందించే మోడెమ్‌ పెట్టెలోనో ఉన్నట్టే. గోడ దగ్గర కేబుళ్లు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో, అంతకుముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిన స్ప్లిటర్ (ఒక లైన్‌ని రెండుగా చీల్చే ముక్క) ఏదైనా మధ్యలో ఉందో చూసి, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి. ఏ రోజు ఏ టైముకి పోయిందో రాసిపెట్టుకుని "కేబుల్ పెట్టి కూడా చూశాను" అని చెప్తే, రీస్టార్ట్ చేయమనే మాట దాటి అసలు విషయంలోకి త్వరగా వస్తారు.

కేబుల్ మీద బాగుంటే ఇక చోటు సంగతి. నేను మారిన ఫ్లాట్‌లో లైన్ వచ్చేది బట్టల అల్మరాలో, గోడకి బిగించిన ఇనుప పెట్టెలోకి. రౌటర్‌ని అందులోనే పెట్టి తలుపు మూసేసి ఉంది. ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ వేసి చూస్తే మంచం దగ్గర మైనస్ 78 డీబీఎం (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత). పొడుగాటి కేబుల్ వేసి హాల్లో పుస్తకాల అర మీదికి మారిస్తే అదే మంచం దగ్గర మైనస్ 58 అయింది. ఈ అంకె సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మంచిది, వీడియో కాల్ నిలకడగా ఉండాలంటే మైనస్ 67 కన్నా మెరుగ్గా ఉంటే నయం. రౌటర్ ఇంటి మధ్యలో, నడుము ఎత్తుకి పైన, నలుగురికీ కనబడేలా ఉండాలి. ఇనుము, పెద్ద అద్దం, కాంక్రీటు గోడ, చేపల తొట్టి, ఇవన్నీ సిగ్నల్‌ని తినేస్తాయి లేదా వెనక్కి కొడతాయి.

ఇప్పటి రౌటర్లు చాలావరకు కనీసం రెండు బ్యాండ్లు, అంటే సిగ్నల్ వెళ్లే రెండు దారులు, ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు అంత బాగా దాటలేదు, 2.4 గోడలు మెరుగ్గా దాటుతుంది కానీ దాంట్లో రద్దీ ఎక్కువ. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది కాబట్టి అది తిరిగినంతసేపూ కాల్ తెగుతుంటే కారణం అదే కావచ్చు. అపార్ట్‌మెంట్‌లో పక్కింటి రౌటర్లన్నీ 2.4లో ఒకే ఛానల్ (బ్యాండ్‌లోని ఒక వరస) మీద ఉంటే, రౌటర్ సెట్టింగుల్లో 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. కొత్తగా వచ్చినవాళ్లకే వచ్చే ఇబ్బంది ఇంకోటుంది: చాలా దేశాల్లో 12, 13 ఛానళ్లు కూడా వాడతారు, అమెరికా కోసం తయారైన ఫోన్లు చాలావరకు వాటిని వాడవు. అందరి ఫోన్లలో కనబడే నెట్‌వర్క్ మీ ఒక్కరి ఫోన్‌లోనే కనబడకపోతే ఫోన్ పాడైందని అనుకోకండి, రౌటర్‌లో ఛానల్ మార్చి చూడండి.

ఇంత చేసినా ఒక గదికి అందకపోతే అప్పుడు ఖర్చు పెట్టండి. నా మాట అడిగితే రిపీటర్ (వచ్చిన సిగ్నల్‌ని మళ్లీ ముందుకు పంపే పెట్టె) కన్నా మెష్ (ఒకే నెట్‌వర్క్‌లా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెలు) మేలు, వీలైతే రెండు పెట్టెల మధ్య కేబుల్ వేస్తే ఇంకా మేలు. రిపీటర్‌తోనే సరిపెట్టుకోవాలంటే దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టకండి, అక్కడ దానికీ ఏమీ అందదు. రౌటర్‌కీ ఆ గదికీ నడిమధ్య, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టండి.