ఆన్‌లైన్ అమ్మకందారుపై వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు: దరఖాస్తు ఆగిపోయేది ప్రతివాది చిరునామా దగ్గరే

పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర అని చూసి 6,400 రూపాయలకు ఆర్డరు పెట్టిన ఒక టీచరుగారికి, ఇక్కత్ డిజైను అచ్చు వేసిన పాలిస్టర్ చీర వచ్చింది. తిప్పి పంపుతానంటే, చీర వాడిన గుర్తులున్నాయని అమ్మకందారు ఒప్పుకోలేదు. ఆమె తమ వీధిలోని నెట్ సెంటర్‌లో 2,500 రూపాయలు ఇచ్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టించుకున్నారు. మూడు వారాల తరువాత, లోపాలు సరిచేయమంటూ అది వెనక్కి వచ్చింది. ఆ కాగితాలు నేను చూసినప్పుడు జరిగిన సంగతంతా వివరంగానే రాసి ఉంది కానీ, ప్రతివాది అన్న చోట యాప్ పేరు ఒక్కటే ఉంది, చిరునామా అన్న చోట నగరం పేరు తప్ప మరేమీ లేదు. నోటీసు ఎవరికి, ఏ తలుపుకు పంపాలో తెలియని ఫిర్యాదును కమిషన్ కార్యాలయం ముందుకు నడపలేదు.

ముందుగా రుసుము సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే నెట్ సెంటర్ల వంటి మధ్యవర్తులు ఎక్కువగా పట్టుకునేది దీన్నే. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు రుసుము ఏమీ లేదు. చీరకో, మిక్సీకో, ఫోనుకో సంబంధించిన ఫిర్యాదులో కోర్టు ఫీజు పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఆ డబ్బు కమిషన్‌కు చేరదు. ఈ లెక్క మీరు అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాక, చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. ఆ ధర 50 లక్షల వరకు ఉన్న వివాదాలన్నీ జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తాయి. న్యాయవాదిని పెట్టుకోవడం కూడా తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు తన వాదన తానే వినిపించుకోవచ్చు.

కమిషన్ దాకా వెళ్లే ముందు రెండు మెట్లున్నాయి. మొదటిది, కొన్న యాప్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, ఈమెయిల్ పంపడం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆయన పేరు, ఈమెయిల్ యాప్ లోపలే ఉంటాయి. వాటిని అక్కడే చూసుకోవాలి తప్ప, కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకకూడదు. అలా దొరికిన నంబరుకు ఫోను చేసి, రీఫండ్ వేస్తామంటే యూపీఐ పిన్ కొట్టి, పోయిన డబ్బుకు తోడు ఖాతాలో ఉన్నది కూడా పోగొట్టుకున్నవారున్నారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

రెండో మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడతారు, పేరున్న సంస్థల విషయంలో చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది కూడా. అయితే హెల్ప్‌లైన్ న్యాయస్థానం కాదు, ఆదేశం ఇచ్చే అధికారం దానికి లేదు. వివాదానికి కారణం ఏర్పడిన తేదీ నుంచి కమిషన్‌కు వెళ్లడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు; హెల్ప్‌లైన్ వారు ఇచ్చిన ఫిర్యాదు నంబరు పెట్టుకుని ఎదురుచూసిన కాలం ఆ గడువులోంచి దానంతట అది తీసివేయబడదు.

అసలు వెబ్‌సైటే మాయమైతే, డబ్బు తీసుకున్న మరుక్షణం ఫోను ఆపేస్తే, అది వినియోగదారుల వివాదం కన్నా ముందు మోసం. అప్పుడు మొదటి ఫోను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, అదీ వెంటనే చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోయి, దాన్ని ఖాతాల్లో ఆపడం కష్టమవుతుంది. ఇక్కడ నేను చెబుతున్నది, ఎక్కడో ఉండి, బిల్లు కూడా ఇచ్చి, మాట తప్పిన అమ్మకందారు గురించి.

ఇక అసలు చిక్కు. యాప్ వేరు, అమ్మకందారు వేరు. యాప్ నడిపే సంస్థ చాలా సందర్భాల్లో అంగడి స్థలం ఇచ్చినదే తప్ప సరుకు దానిది కాదు. బిల్లులో ‘సోల్డ్ బై’ అన్న పెట్టెలో ఉన్న పేరే మొదటి ప్రతివాది. కాబట్టి గొడవ మొదలైన రోజే చేయవలసిన పని ఆర్డరు వివరాల్లోంచి ఇన్‌వాయిస్‌ను దించుకుని భద్రపరచుకోవడం, ఎందుకంటే అమ్మకందారు ఖాతా మూతపడ్డాక ఆ పేజీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఆర్డరు వచ్చినట్లు తెలిపే ఈమెయిల్, చెల్లింపు రసీదు ఇన్‌వాయిస్‌కు బదులు కావు. నెట్ సెంటర్లలో వాటినే బిల్లు అనుకుని జతచేస్తున్నారు.

ఇన్‌వాయిస్ దొరికినంత మాత్రాన చిరునామా దొరికినట్లు కాదు. టీచరుగారి బిల్లులో అమ్మకందారు చిరునామా మేడ్చల్ వైపు ఒక గోదాముది. అది ఆ యాప్ సరుకు నిల్వచేసుకునే గోదాము. అలాంటి ఒకే చిరునామాను ఎందరో అమ్మకందారులు తమ బిల్లులో వేసుకుంటారు. అక్కడికి నోటీసు పంపితే గేటు దగ్గరి కాపలాదారు ఆ పేరుగలవారు ఇక్కడ లేరని తిప్పి పంపుతాడు, ఆయన చెప్పేది నిజం కూడా. ఇక్కడ పనికొచ్చేది బిల్లు మీది పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, గుజరాత్‌కు 24. ఆ తరువాతి పది అక్షరాలు అమ్మకందారు పాన్ నంబరు. మొత్తం నంబరులో ఆరో స్థానంలో ఉన్న అక్షరం ‘పి’ అయితే అమ్మకందారు ఒక వ్యక్తి, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘సి’ అయితే కంపెనీ.

జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఈ నంబరుతో వెతికితే చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, ప్రధాన వ్యాపార స్థలం, రిజిస్ట్రేషన్ ఇంకా అమల్లో ఉందా రద్దయిందా అన్న వివరాలు వస్తాయి. అదే పోర్టల్‌లో పాన్ నంబరుతో కూడా వెతకవచ్చు. అప్పుడు ఆ అమ్మకందారుకు ఇతర రాష్ట్రాల్లో ఉన్న రిజిస్ట్రేషన్లు కనిపిస్తాయి. చీర బిల్లు మీది నంబరు 36తో మొదలైంది, పాన్‌తో వెతికితే 24తో మొదలయ్యే మరొకటి బయటపడింది, దాని కింద సూరత్‌లోని ఒక బట్టల మార్కెట్‌లో దుకాణం నంబరుతో సహా చిరునామా ఉంది. వ్యక్తి అయితే ఫిర్యాదులో ఆయన పేరు రాసి, ఫలానా వ్యాపార సంస్థ యజమాని అని చేర్చాలి. దుకాణం పేరు ఒక్కటే రాయడం చాలదు. కంపెనీ అయితే దాని రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామా కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో దొరుకుతుంది.

ఇంతా చేసినా దొరకకపోతే, లేక ఇది చేసుకునే ఓపిక లేకపోతే, మరో దారి ఉంది, అది చాలామందికి తెలియదు. ఈ-కామర్స్ నిబంధనల్లోని 5వ నిబంధన ప్రకారం, వస్తువు కొన్న వినియోగదారు లిఖితపూర్వకంగా అడిగితే, ఆ అమ్మకందారు ప్రధాన కార్యాలయం, శాఖల చిరునామాలు, ఈమెయిల్, వివాద పరిష్కారానికి కావలసిన ఇతర సమాచారం యాప్ సంస్థ ఇవ్వాలి. గ్రీవెన్స్ ఆఫీసరుకు రాసే ఈమెయిల్‌లోనే ఈ నిబంధన పేరు చెప్పి, ఆర్డరు నంబరు వేసి, ఒక వాక్యంలో అడగండి. ఇస్తే చిరునామా చేతికొస్తుంది. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్న ఆ ఈమెయిల్ యాప్ సంస్థను రెండో ప్రతివాదిగా చేర్చడానికి మంచి ఆధారం. యాప్ సంస్థను ఎలాగూ చేర్చడమే మంచిది. తాము మధ్యవర్తులమేనని వారు వాదిస్తారు, ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది కమిషన్ తేలుస్తుంది. అక్కడ కూడా యాప్ పేరు కాక దాన్ని నడిపే కంపెనీ పూర్తి పేరు రాయాలి. అది యాప్‌లోని నియమ నిబంధనల పేజీలో ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో కొన్నవారికి బిల్లే ఉండదు. వారు పార్సిల్ మీద అంటించిన కొరియర్ చీటీని చించి పారేయకూడదు; పంపినవారి పేరు, తిరుగు చిరునామా ఉండేది దాని మీదనే. యూపీఐ చెల్లింపులో కనిపించిన బ్యాంకు ఖాతాదారు పేరు కూడా దానితో కలిపి చూసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార విధానంగానే లెక్కిస్తుంది కనుక, బిల్లు లేదని వెనకాడనక్కరలేదు.

మరొక చిన్న పొరపాటు పెద్ద నష్టం తెస్తుంది. ఇంటికి కొన్న వస్తువుకు, కాస్త తగ్గింపు వస్తుందనో పన్ను కలిసొస్తుందనో, దుకాణం జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు తీసుకునేవారున్నారు. అలాంటి బిల్లు చూడగానే ఎదుటివారు ఇది వాణిజ్య కొనుగోలని, కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారే కారని వాదిస్తారు. సొంత జీవనోపాధి కోసం కొన్నవారికి చట్టంలో మినహాయింపు ఉంది, దాన్ని ఫిర్యాదులోనే స్పష్టంగా రాసుకోవాలి.

ప్రతివాదుల పేర్లు, చిరునామాలు సరిగ్గా ఉంటే మిగిలిన పని తేలికే. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో, అంతకు ముందు ఈ-దాఖిల్‌లో చేసినట్లే, ఫోను నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఖాతా మీ ఫోను నంబరు మీదే ఉండాలి. నెట్ సెంటర్ వారి నంబరు మీద తెరిస్తే కమిషన్ పంపే సందేశాలన్నీ వారికే వెళతాయి, టీచరుగారికి లోపాల సంగతి ఆలస్యంగా తెలిసింది ఇందుకే. అమ్మకందారు సూరత్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, మీరు నివసిస్తున్న లేదా పనిచేస్తున్న చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. కొత్త జిల్లా పేరు జాబితాలో కనిపించకపోతే పాత ఉమ్మడి జిల్లా పేరుతో చూడాలి. ఫిర్యాదు, తేదీల వరుస, ప్రతివాదుల జాబితా, నోటరీ చేయించిన అఫిడవిట్, ఆధారాలు పీడీఎఫ్‌గా జతచేయాలి.

ఆధారాల విషయంలో ఒక మాట. వస్తువు పేజీని స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు తేదీ, ధర, అమ్మకందారు పేరు, వర్ణన అన్నీ కనిపించేలా తీయాలి. ఫిర్యాదు అందాక ‘చేనేత’ అన్న మాట పేజీలోంచి మాయమైన సందర్భం చూశాను. చీరను మాత్రం ఫోటోలే పట్టిచ్చాయి. నూలుకే రంగు అద్ది నేసే ఇక్కత్‌లో డిజైను రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, అచ్చు చీరను తిరగేస్తే రంగు వెలవెలబోతుంది. పగటి వెలుతురులో రెండు వైపులా తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాం. అంతకన్నా గట్టిది బిల్లులోనే ఉంది: పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 5407 అని ఉంది. అది కృత్రిమ పోగుల బట్టకు వేసే కోడ్, పట్టుబట్టకు 5007 ఉండాలి. పట్టు అని అమ్మినవారే పన్ను దగ్గర పాలిస్టర్ అని ఒప్పుకున్నారన్న మాట. స్క్రీన్‌షాట్లకు, వీడియోలకు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జతచేస్తే తరువాత అభ్యంతరాలు తగ్గుతాయి.

చివర్లో ఏమి కావాలో అంకెలతో అడగాలి: చెల్లించిన ధర, దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. ‘న్యాయం చేయగలరు’ అని వదిలేస్తే ఎంత ఇప్పించాలో తెలియదు.

పరిశీలనలో లోపాలు చూపితే కంగారు పడనక్కరలేదు, అది తిరస్కరణ కాదు. సరిచేయడానికి సాధారణంగా 15 రోజులు ఇస్తారు. ఫిర్యాదును స్వీకరించేదీ లేనిదీ మామూలుగా 21 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నోటీసు అందిన ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. వాయిదాలకు వీడియో ద్వారా హాజరయ్యేందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నోటీసు అందిన వారంలో అమ్మకందారు తరఫున ఎవరో ఫోను చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే డబ్బు వేస్తామనడం మామూలే. రాజీ తప్పు కాదు, కానీ డబ్బు ఖాతాలో పడి, రాజీ కాగితం కమిషన్ ముందు దాఖలయ్యే దాకా ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టకండి.

ఆదేశం వచ్చాక కూడా డబ్బు చెల్లించకపోతే, అదే కమిషన్‌లో 2019 చట్టం 71, 72 సెక్షన్ల కింద అమలు దరఖాస్తు పెట్టాలి. ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ దరఖాస్తు కూడా ఆదేశంలో ఏ పేరు, ఏ చిరునామా ఉన్నాయో వాటి మీదే నడుస్తుంది. టీచరుగారి ఫిర్యాదును సూరత్ యజమాని పేరుతో, యాప్ కంపెనీ పూర్తి పేరుతో సరిచేసి మళ్లీ పంపాం, ఈసారి కేసు నంబరు పడింది. నెట్ సెంటర్‌కు ఇచ్చిన 2,500 రూపాయలకు మాత్రం రసీదు లేదు కనుక, ఖర్చుల కింద దాన్ని అడగలేకపోయాం.